బిడ్డ ఎవరి పొలిమేరలోనిది?

(నిర్గమకాండము 2:1–10, ద్వితీయోపదేశకాండము 21:1–9 చదువుకొనుడి)



మోషే పుట్టిన కథ మన ఆదివారపు బడి పిల్లలందరికి కంఠపాఠమే. జమ్ము పెట్టె, దానికి పూసిన కీలు, ఏటి ఒడ్డున జమ్ము – ఇవి చెప్పగానే బొమ్మ గీసి చూపగల పిల్లలు మన సంఘములో నున్నారు. అయితే పెద్దలమైన మనము ఆ కథలో తేలికగా దాటిపోవు సంగతి యొకటి కలదు. ఆ బిడ్డను బ్రదికించినవారు ఒక్క జనమువారు కారు. తల్లి హెబ్రీయురాలు. ఏమి జరుగునో యని దూరమున నిలిచి చూచుచున్న అక్క హెబ్రీయురాలు. నీళ్లలోనుండి పైకి తీయించినది ఐగుప్తు రాజు కుమార్తె. ఆమె పెట్టె తెరచిన వెంటనే ఇది హెబ్రీయుల బిడ్డ యని గుర్తుపట్టెను. ఏ బిడ్డలను ఏటిలో పారవేయవలెనని తన తండ్రి ఆజ్ఞ ఇచ్చెనో ఆ బిడ్డలలో ఒకడని యెరిగియే చేయి చాచెను. భాష వేరు, దేవతలు వేరు, రాజాజ్ఞ అడ్డము. అయినను ముగ్గురు స్త్రీలు మూడు చోట్ల నిలిచి ఒక బిడ్డను కాపాడిరి. వారిలో ఏ ఒక్కరు తమ పని మానియుండినను ఆ పెట్టె గతి ఏమగునో ఆలోచించుడి.

ఈ నెల ఈ కథను ఎత్తుకొనుటకు కారణము మన చేతిలోని ఫోనే. మా బెల్లంకొండ ప్రాంతములో మిరప కోతలు మొదలైన నాటినుండి తల్లిదండ్రులు చీకటితోనే ఆటో ఎక్కి పోవుదురు. బిడ్డ నాయనమ్మ యొద్ద నుండును. నాయనమ్మకు చూపు ఆనదు. బిడ్డ మంచము మీద ముసుగు తన్ని ఫోనులో ఏమి చూచుచున్నదో, ఎవరితో మాటలాడుచున్నదో ఆమెకు తెలియదు. 2020లో కరోనా వలన బడులు మూతబడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు అప్పు చేసి ఫోను కొన్న ఇండ్లు మనకు తెలియును. బడులు తెరచిరి, ఫోను మాత్రము ఇంటనే నిలిచెను. దానిని శపించుటకు మేము వ్రాయుట లేదు. కువైటులో ఇంటిపని చేయుచున్న తల్లి రాత్రివేళ తన బిడ్డ ముఖము చూచుకొనునది దానిలోనే. గుంటూరు యార్డులో మిరప నేడెంత పలికినదో చెప్పునదియు అదే.

క్రొత్త ఇల్లు కట్టించిన వాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (ద్వితీ. 22:8). ఫోనుకు పిట్టగోడ కట్టుట తల్లిదండ్రుల పని. రాత్రివేళ అది బిడ్డ పక్కలో గాక పెద్దల తలగడ క్రింద నుండుట మంచిది. ఇది అందరు చెప్పుచున్నదే గనుక మేము దానిపై నిలువము. మమ్మును కలవరపెట్టునది వేరొకటి. పదమూడేండ్ల ఆడపిల్లనని చెప్పుకొని స్నేహము చేయునది నలువదేండ్ల మగవాడై యుండవచ్చును. వాడు వేరొక దేశమున కూర్చుండి యుండవచ్చును. మొదట పొగడును. తుపాకుల ఆటలలో బహుమానము ఇప్పించును. తరువాత ఒక ఫోటో అడుగును. ఒక్కటి చేజిక్కిన పిమ్మట బెదిరింపు మొదలగును: ఇంకొకటి పంపకున్న మీ నాన్నకు చూపెదను, మీ బడివారికి పంపెదను అనును. మగపిల్లలను డబ్బు కొరకు ఇట్లే పట్టుకొనుచున్నారు. బిడ్డ అన్నము మానును, ఎవరితోను చెప్పదు. ఆ ఫోటో మాత్రము మన పొలిమేర దాటి, జిల్లా దాటి, సముద్రము దాటి పోవును. బిడ్డ ఒక దేశములో, చెరపువాడు ఒక దేశములో, బొమ్మను దాచియుంచిన యంత్రము మరియొక దేశములో, దానిని చూచువారు పది దేశములలో! ఇట్టి పాపమునకు ఎవరు జవాబుదారులు? ఏ ఊరి పెద్దలు లేచి రావలెను?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చు భాగము ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో నున్నది. సాధారణముగా మనము దానిపై ప్రసంగములు చేయము. పొలములో ఒకని శవము పడియున్నది. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును బయలుదేరి వచ్చి, ఆ శవము చుట్టునున్న ఊళ్ల దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గర యని తేలునో ఆ ఊరి పెద్దలు ఒక పెయ్యను తోలుకొనివచ్చి, దానిమీద తమ చేతులు కడుగుకొని, ఈ రక్తమును మా చేతులు చిందింపలేదు, మా కన్నులు చూడలేదు అని దేవుని యెదుట ప్రమాణపూర్వకముగా పలుకవలెను.

దీనిని పాతకాలపు ఆచారమని త్రోసివేయరాదు. ఎంత గంభీరమైన సంగతి ఇందులో నున్నదో చూడుడి. దోషి తెలియలేదు గనుక ఎవరికిని పూచీ లేదని దేవుడు ఒప్పుకొనలేదు. తెలియని దోషము గాలికి పోదు, దగ్గరి ఊరి గుమ్మము ముందుకు వచ్చి నిలుచును. ఆ ఊరివారు హంతకులని కాదు. అయినను వారు లేవవలెను, కొలువవలెను, నోరు తెరచి చెప్పవలెను. మౌనముగా నుండుటకు వారికి అనుమతి లేదు. ఆ ప్రమాణములో రెండు మాటలున్నవి: ఒకటి చేతులను గూర్చి, రెండవది కన్నులను గూర్చి. మనము ముందునకు పోవుకొలది ఆ రెండవ మాట బరువెక్కును.

అయితే ఫోనులో తిరుగు బొమ్మకు కొలనూలు ఎట్లు వేయగలము? అది ఏ ఊరికి దగ్గర? అన్ని ఊళ్లకును దగ్గరే. బెల్లంకొండకెంతో న్యూజీలాండుకును అంతే. కావుననే ఏ దేశమును ఒంటరిగా దీనిని పట్టజాలకున్నది.

మన తెలుగునాట జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. హైదరాబాదులో ప్రజ్వల యను సంస్థ కలదు. అమ్మబడిన ఆడబిడ్డలను విడిపించి సాకుటకు సునీతా కృష్ణన్ గారును, క్రైస్తవ సన్యాసియైన బ్రదర్ జోస్ వెట్టికాటిల్ గారును 1996లో దానిని స్థాపించిరి. 2015లో అత్యాచార దృశ్యములు వాట్సాపులో చేతినుండి చేతికి పోవుచుండగా ఆ సంస్థవారు ఊరకుండక, ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరము వ్రాసిరి. కోర్టువారు ఆ ఉత్తరమునే దావాగా స్వీకరించిరి. గూగులు, ఫేస్‌బుక్కు, మైక్రోసాఫ్టు వంటి పరదేశపు కంపెనీలు ఆ దావాలో న్యాయస్థానము ముందుకు వచ్చి జవాబు చెప్పవలసి వచ్చెను. ఎవరైనను తమ పేరు చెప్పకుండనే ఇట్టి బొమ్మలను గూర్చి ఫిర్యాదు చేయుటకు వీలైన కేంద్ర ప్రభుత్వపు వెబ్‌సైటు 2018 సెప్టెంబరు 20న తెరువబడినది ఆ దావా నడచుచుండగానే. హైదరాబాదు నుండి బయలుదేరిన ఒక ఉత్తరము అంత దూరము పోయెను. అది తమ పొలిమేరలోని శవము కాదని వారు తలంచియుండిన యెడల?

దేశముల మధ్య జరిగిన పని దీనికంటె పాతది. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను అంగీకరించెను. బిడ్డలను లైంగిక దోపిడినుండి కాపాడవలెనని అందలి 34వ అధికరణము. మన దేశము 1992 డిసెంబరు 11న దానిలో చేరెను. బిడ్డల అమ్మకమును, వారి అశ్లీల చిత్రములను గూర్చిన అదనపు ఒప్పందము 2000 మే 25న పుట్టగా, 2005లో మన దేశము దానిని ధ్రువపరచెను. మంచిదే. గాని కాగితము ఏటిలోని పెట్టెను పైకి తీయదు, చేతులు కావలెను.

ఆ చేతులు ఎట్లు పనిచేయుచున్నవో పల్లెలోని మనమును తెలిసికొనుట అవసరము. రిజిస్ట్రారు ఆఫీసులో మన వేలిముద్ర తీసికొందురు గదా, అట్లే ఒక బొమ్మనుండి అంకెలతో కూడిన గుర్తు తీయుటకు వీలున్నది. 2009లో మైక్రోసాఫ్టు కంపెనీవారును హానీ ఫరీద్ అను ఆచార్యుడును కలిసి ఫోటోడీఎన్‌ఏ యను అట్టి సాధనమును చేసిరి. ఒకసారి దొరికిన చెడు బొమ్మను మరల ఎవరైనను పంపబోయినయెడల, మనుష్యుడు దానిని చూడనక్కరలేకయే, యంత్రము ఆ గుర్తును పోల్చి పట్టుకొనును. అమెరికా చట్టము ప్రకారము అక్కడి కంపెనీలు తమకు తెలియవచ్చిన ఇట్టి సంగతులను తప్పిపోయిన బిడ్డల కొరకు 1984లో స్థాపింపబడిన ఒక జాతీయ కేంద్రమునకు తెలుపవలెను. ఆ కేంద్రమునకును ఢిల్లీలోని జాతీయ నేర రికార్డుల బ్యూరోకును 2019 ఏప్రిల్‌లో ఒప్పందము కుదిరెను. అప్పటినుండి అక్కడి సమాచారము ఢిల్లీకి, ఢిల్లీ నుండి రాష్ట్రమునకు, రాష్ట్రమునుండి జిల్లాకు దిగుటకు దారి ఏర్పడెను. అనగా పల్నాటి పల్లెలో ఒకడు అర్ధరాత్రివేళ తలుపు బిగించుకొని పంపిన బొమ్మ అమెరికాలో పట్టుబడి, ఆ కబురు తిరిగి నరసరావుపేటకు రాగలదు!

2023లో ఆ కేంద్రమునకు వచ్చిన ఫిర్యాదులు 3 కోట్ల 62 లక్షలు. వాటిలో సుమారు 89 లక్షలు మన దేశముతో సంబంధము గలవని తేలెను. ఇన్ని లక్షలమంది దోషులున్నారని దీని భావము కాదు, ఒకే బొమ్మ వేలమంది చేతులు మారుటచే లెక్క పెరుగును. అయినను ఏ దేశము పేరును అన్నిసార్లు వ్రాయబడలేదు. దీనిని చదివినప్పుడు మేము కొంతసేపు పత్రికను ప్రక్కన పెట్టితిమి.

2021 నవంబరులో సీబీఐవారు ఒక్క దినముననే డెబ్బదికి పైగా చోట్ల సోదాలు చేసిరి. అందు ఆంధ్రప్రదేశ్‌లోని చోట్లును ఉండెను. 2022 సెప్టెంబరులో మరల దేశమంతట యాబదికి పైగా చోట్ల సోదా చేసిరి. ఈ రెండవదానికి ఆధారము ఎక్కడనుండి వచ్చినది? న్యూజీలాండు పోలీసులకు దొరికిన ఆనవాలు సింగపూరులోని ఇంటర్‌పోల్ శాఖ ద్వారా మన దేశమునకు చేరెను. ఆ సంవత్సరమే భారతదేశము ఇంటర్‌పోల్ వారి బాలల చిత్రముల భాండాగారముతో కలిసిన 68వ దేశమాయెను. అందు పనివారు బొమ్మలోని గోడను, దుప్పటిని, కిటికీలో కనబడు చెట్టును పరిశీలించి ఆ బిడ్డ ఏ దేశములో నున్నదో వెదకుదురు. మన భాష రాని, మన ఊరు చూడని ఒకరు మన బిడ్డ వెనుకనున్న గోడను చూచి ఊరు వెదకుట! ఫరో కుమార్తె చాచిన చేయి మాకు ఇక్కడ కనబడుచున్నది.

ఇంకను క్రొత్త ప్రయత్నములు లేకపోలేదు. సైబరు నేరములను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2024 డిసెంబరు 24న సర్వప్రతినిధి సభ అంగీకరించెను, 2025 అక్టోబరులో హనోయి పట్టణమున దానిని సంతకములకు తెరచిరి. బిడ్డల చిత్రములను, వారిని మాటలతో వలలో వేసికొనుటను నేరములుగా అది పేర్కొనుచున్నది. నలువది దేశములు ధ్రువపరచినగాని అది అమలులోనికి రాదు. రాజ్యములు తమ అధికారమును పెంచుకొనుటకు దానిని వాడుకొనునేమో యని భయపడువారును ఉన్నారు. ఆ భయము ఊరకనే పుట్టినది కాదు. ఉత్తరమును కవరులో పెట్టి అంటించి పంపుకొను స్వేచ్ఛ మనకును ప్రియమే. 2023 డిసెంబరులో ఫేస్‌బుక్కు వారు తమ మెసెంజరులోని మాటలను, పంపినవారు పొందినవారు తప్ప ఇతరులు చదువలేనట్లు తాళము వేయ నారంభించిరి. దానివలన పేదవాని రహస్యమును కాపాడబడును, చెరపువాని రహస్యమును కాపాడబడును. ఈ చిక్కును సులభముగా విప్పుదుమని చెప్పువారిని మేము నమ్మము. అయితే ఒక్క మాట: ఆ తాళము ఎంత గట్టిదగునో అంతగా ఫిర్యాదు చేయు మనుష్యుని నోటిమీద భారము పెరుగును. యంత్రము చూడలేనిచోట పొరుగువాడు చూడవలెను.

ఇప్పుడు కన్నుల సంగతికి వత్తము. మేము ఏ బిడ్డనును ముట్టలేదు, ఎవరో పంపగా చూచితిమి, అంతే – అనువారు కలరు. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు కూడ, ఏకాంతమున చూచిన మాత్రమున నేరము కాదని తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టువారు 2024 సెప్టెంబరు 23న దానిని కొట్టివేసిరి. అట్టి బొమ్మ తన యొద్ద నున్నదని యెరిగియు, తుడిచివేయక, తెలుపక, దురుద్దేశముతో ఉంచుకొనుట పోక్సో చట్టము 15వ సెక్షను క్రింద నేరమని స్పష్టపరచిరి. దానిని అశ్లీల చిత్రమని పిలువుటయే తప్పు, అది బిడ్డపై జరిగిన దోపిడికిని హింసకును ఆనవాలు అని కూడ వారు సూచించిరి. ఈ మాటలో ఎంతో న్యాయమున్నది. అశ్లీలము అనినప్పుడు చూచువాని రుచి మన మనస్సుకు తట్టును, హింస అనినప్పుడు బిడ్డ ముఖము తట్టును. చూచువాడు లేనియెడల తీయువాడు లేడు. కావున ఫోను పట్టుకొన్న వాని విషయములో కన్నే చేయి యగును.

ఎగతాళి నవ్వును ఇట్టిదే. 2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబరు, తండ్రియు చిన్న కూతురును ఉన్న వీడియోను పెట్టుకొని స్నేహితులతో కలిసి నోటికి రాని మాటలాడి నవ్వించెను. ఒక సినిమా నటుడు దానిని బహిరంగముగా ఎత్తి చూపగా తెలంగాణ పోలీసులు బెంగుళూరులో అతనిని పట్టుకొనిరి. దానిని చూచి నవ్వి, ఇంకొకరికి పంపి, మరునాడు మరచిపోయినవారి మాటేమి? మా కన్నులు చూడలేదు అని వారు పెయ్య మీద చేయి కడుగుకొనగలరా?

అయితే మా మనస్సులో అన్నిటికంటె బరువుగా నున్నది ఇది. ఇంత పొడవైన గొలుసు – అమెరికా, సింగపూరు, ఢిల్లీ, విజయవాడ, నరసరావుపేట – ఇదంతయు దాటివచ్చిన తరువాత తెగిపోవు చోటు మన ఊరి రచ్చబండ. ప్రభుత్వపు నేర నివేదికలు చెప్పునది ఏమనగా, బిడ్డలపై అత్యాచార కేసులలో నూటికి తొంబదికి పైగా నేరస్థుడు బిడ్డకు తెలిసినవాడే. చుట్టమో, పొరుగువాడో, పాఠము చెప్పినవాడో. ఫోనులో తిరుగు బొమ్మలలోను పరదేశి తీసినవే కాక, ఇంటివాడే తీసినవి కూడ కలవు. అది బయటపడిన నాడు మన ఊళ్లలో ఏమి జరుగును? పెద్దమనుష్యులు కూర్చుందురు. ఇంత సొమ్ము అని తీర్మానింతురు. ఆడపిల్ల పెండ్లి కావలసినది, పరువు పోవును, ఇంతటితో విడువుడి అందురు. సంఘములో జరిగినయెడల దేవుని మందిరమునకు చెడ్డపేరు వచ్చునని ఇంకొక మాట చేర్తుము. ఈ చివరి వాదనను మేము అనేకులైన మంచివారి నోటనే విన్నాము.

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయములో తామారుకు చేసినది అదియే. అన్నయైన అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. అతడు నీ సహోదరుడే గదా, మనస్సున పెట్టుకొనవద్దనెను. తండ్రియైన దావీదుకు కోపము వచ్చెను, కోపముతోనే సరిపెట్టుకొనెను. తామారు అన్న యింట పాడైన బ్రదుకుతో మిగిలిపోయెను. ఆమె మాట గ్రంథములో మరల వినబడదు. కప్పిపుచ్చిన ఆ పాపము రెండేండ్లకు హత్యగాను, ఆ పిమ్మట తిరుగుబాటుగాను రాజు ఇంటిని చీల్చినది. పరువు కూడ దక్కలేదు.

చట్టము ఈ విషయమున సందేహమునకు తావు ఉంచలేదు. 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, బిడ్డపై నేరము జరిగినదని ఎరిగిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి 21వ సెక్షను క్రింద ఆరు నెలలవరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని. పాస్టరుకు, సంఘ పెద్దకు, స్త్రీల సమాజపు అధ్యక్షురాలికి ఇందులో మినహాయింపు లేదు. ఉండవలెనని మేము కోరము. రాజీ సంగతియు తేలినది. ఒక ఉపాధ్యాయునికిని బాలిక తండ్రికిని కుదిరిన రాజీని బట్టి రాజస్థానులో ఒక హైకోర్టు కేసు కొట్టివేయగా, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కేసును మరల నిలువబెట్టెను. తండ్రి క్షమించినను బిడ్డ శరీరము తండ్రి ఆస్తి కాదు గదా.

ఇంతవరకు చదివిన తల్లి యొకతె అడుగవచ్చును: అయ్యగారూ, మీరు చెప్పినది నిజమే గాని, నా బిడ్డను స్టేషను మెట్లు ఎక్కించుమనుచున్నారా? పదిమందిలో నిలబెట్టుమనుచున్నారా? ఆ భయము న్యాయమైనది గనుక జవాబు చెప్పవలెను. ఆ చట్టము 24వ సెక్షను ప్రకారము బిడ్డ మాటను ఇంటివద్దనే, లేక బిడ్డ కోరినచోటనే వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని స్త్రీ ఉద్యోగి రావలెను, ఖాకీ దుస్తులతో రారాదు. ఏ బిడ్డనును రాత్రి స్టేషనులో ఉంచరాదు. కోర్టులో నిందితుని ముఖము బిడ్డ కంటబడకుండ చూడవలెను. బిడ్డ పేరును, ఊరును, బడిని పత్రికలు వ్రాయరాదు. ఇవన్నియు ప్రతిచోట సరిగా జరుగుచున్నవని మేము అనము. జరుగనిచోట అడుగుటకు తల్లి ప్రక్కన ఒకరు నిలువవలెను. మన సంఘములలో నోరున్న స్త్రీలు కొదువ లేరు, అట్టివారిని ఇద్దరిని ఈ పనికి ఏర్పరచుడని పెద్దలను వేడుకొనుచున్నాము.

బిడ్డల కొరకైన ఉచిత ఫోను నంబరు 1098. దానిని మా ఆలయపు తలుపు లోపలి వైపున వ్రాయించితిమి. మొదట పెద్దల కంటి ఎత్తున వ్రాసిరి. దానిని చెరిపించి, రెండవ తరగతి పిల్ల నిలుచుండి చదువుకొనునంత క్రిందికి దించి మరల వ్రాయించితిమి.